వందలో పది

మా ఆయన పాత మిల్లులో పని మానేసి వచ్చిన రోజు మా అత్త జొహరాబీ గల్లీలో ఇంటింటికీ చక్కెర పంచింది.

"నా కొడుకు ఇంక జీతగాడు కాదు, మిల్లులో వాటాదారు. వందలో పది వాడిదే," అని గడప గడపకూ చెప్పుకుంటా పోయింది. ఆదోని కోట కొండ కింద ఉండే మా గల్లీలో మిల్లుకు పోని మగమనిషి లేడు గాని, మిల్లులో వాటా ఉన్నవాడు మాత్రం ఒక్కడూ లేడు. అందుకే అందరూ చక్కెర నోట్లో వేసుకుని, నిజమేనా అన్నట్టు మా అత్త మొగం చూసినారు. నేను లోపల కుట్టుమిషన్ ముందర కూర్చుని లంగా అంచు కుడతా ఉన్నాను. దారం తెగుతానే ఉన్నింది.

అది ఎనభై రెండో సంవత్సరం. అప్పుడప్పుడే తొలి వానలు పడతాండే రోజులు.

మా ఆయన పేరు సర్దార్. జిన్నింగ్ మిల్లులో ఫిట్టరు. పత్తిలోనుంచి గింజను విడదీసే మిషన్లను జిన్నులంటారు. అవి ఆగిపోతే మళ్లీ తిప్పేది ఆయన పని. పదహైదేండ్లుగా ఒకటే మిల్లు. పర్మనెంటు ఉద్యోగం, నెల తిరిగితే జీతం, ప్రావిడెంట్ ఫండు. ఆ మిల్లు సావుకార్లు ముగ్గురు అన్నదమ్ములు. అందరికంటే చిన్నాయన ఇంద్రసేనయ్య. అన్నలతో పొసగక, తన భాగం తీసుకుని బయటికి వచ్చి, ఎమ్మిగనూరు దగ్గర రోడ్డు పక్కన సొంతంగా జిన్నింగ్ మిల్లు పెడతానన్నాడు. దాని కోసం కంపెనీ ఒకటి రిజిస్టరు చేయించినాడు. చిన్నప్పుడు బడి ఎగ్గొట్టి మిల్లులో మా ఆయన పక్కన కూర్చుని జిన్నులు చూసినవాడు గాబట్టి, బయటికి వచ్చేటప్పుడు ఆయన రమ్మన్నది ఒక్క మా ఆయన్నే.

ఒప్పందం ఏందో మా ఆయన ఆ రాత్రి అన్నం దగ్గర చెప్పినాడు. కొత్త కంపెనీ కాబట్టి చేతిలో డబ్బు తక్కువ. మిల్లు నిలదొక్కుకునేదాకా జీతంలో సగమే చేతికిస్తారు, మిగతా సగం కంపెనీ బాకీ పడి ఉంటుంది. ఇంత కష్టానికి ఒప్పుకున్నందుకు కంపెనీని వంద భాగాలు చేసి, అందులో పది భాగాలు సర్దార్ కోసం పక్కన పెడతారు.

"పక్కన పెడతారంటే?" అని అడిగినాను.

"పెడతారు. నాకోసం."

"ఇచ్చినట్టేనా?"

"ఇచ్చినట్టే అనుకో," అన్నాడు.

అనుకో అనే మాట నాకు నచ్చలేదు. కానీ మా అత్త చక్కెర డబ్బా ఖాళీ చేసి వచ్చి గోడకానుకుని అలుపు తీర్చుకుంటాండాది. ఆమె మొగంలో అంత వెలుగు మా పెండ్లిరోజు కూడా నేను చూడలేదు. ఇంక ఏం అడుగుతాను?

*

ఆ వానాకాలం మా ఆయన ఇంట్లో ఉన్నది తక్కువ. పొద్దున్నే ఎమ్మిగనూరు బస్సెక్కితే మళ్లా పొద్దు మునిగినాక వచ్చేవాడు. హుబ్లీ పక్కన మూతబడిన మిల్లు ఒకదాంట్లో పాత జిన్నులు అమ్మకానికి ఉన్నాయంటే ఇద్దరూ పోయి బేరమాడి లారీలో వేసుకుని వచ్చినారు. వాటిని ఊడదీసి, కడిగి, తోలు రోలర్లు మార్చి, ఒక్కొక్కటే నిలబెట్టినాడు. ఇంటికి వచ్చేసరికి గోళ్లలో తుప్పు, కాలర్ మీద గ్రీజు. అయినా కాళ్లు కడుక్కుంటానే మొదలుపెట్టేవాడు. మన షెడ్డుకు రేకులు వేసినారు. మన జిన్నులకు బెల్టులు వచ్చినాయి. పదహైదేండ్లు పాత మిల్లులో పనిచేసి ఏ ఒక్కరోజూ మన అనే మాట వాడినవాడు కాదు. ఆ మాట వింటాంటే నాకు సంతోషంగానే ఉన్నింది. భయంగా కూడా ఉన్నింది.

సగం జీతంతో ఇల్లు నడపడం ఎట్లనో నేను చెప్పేదేమీ లేదు, అందరికీ తెలిసిందే. శుక్రవారం మాంసం మానుకున్నాం. పిల్లలిద్దరికీ బడి బట్టలు నేనే పాతవి విప్పి మళ్లా కుట్టినాను. లంగాలు కుట్టడం రెండింతలు చేసినాను. మా అత్తకు మాత్రం ఇవేవీ తెలియకుండా, రొట్టెలోకి గోంగూరో పప్పో వేసి ముందర పెట్టేదాన్ని. ఆమె తిని, వాటాదారు తల్లినని గల్లీలోకి పోయేది.

దసరా పోయింది. పత్తి దిగడం మొదలైంది.

ఆ కాలంలో ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి వచ్చే రోడ్డు చూడల్ల. బండ్లు, లారీలు, ట్రాక్టర్లు అన్నీ మార్కెట్ యార్డుకు పత్తి మోసుకుని వస్తాంటాయి. పక్కనుండే తుమ్మచెట్లకు పోగులు తగులుకుని చెట్లు పూసినట్టుంటాయి. ఆ రోడ్డు పక్కనే మా కొత్త మిల్లు. షెడ్డు అయింది, జిన్నులు నిలబడినాయి, కరెంటు రాలేదు. ట్రాన్స్‌ఫార్మర్‌కు డిపాజిట్ కట్టేదానికి కంపెనీలో డబ్బు లేదు. షెడ్డుకు అనుకున్నదానికంటే ఎక్కువైంది. రోలర్లకు ఇంకా ఎక్కువైంది. బ్యాంకోళ్లు అప్పులో మొదటి భాగం ఇచ్చి, మీరు మీ సొంత డబ్బు ఇంకా తెచ్చి పెడితే గాని రెండో భాగం ఇయ్యమన్నారు.

మా ఆయన మాత్రం రోజూ పోతానే ఉన్నాడు. తిరగని జిన్నులకు నూనె పెట్టి, గుడ్డతో తుడిచి, సాయంత్రం వచ్చేవాడు. ఈరోజు ఎన్ని లారీలు పోయినాయో చూసినానని ఒకసారి అన్నాడు. ఆ తర్వాత అది కూడా చెప్పడం మానేసినాడు. రాత్రి పక్కన పడుకుని కండ్లు తెరుచుకుని ఉండేవాడు. నేను నిద్రపోయినట్టు ఉండేదాన్ని. ఇద్దరికీ తెలుసు.

ఇంద్రసేనయ్య భార్య రాజేశ్వరమ్మ జాకెట్లు కుట్టల్ల రమ్మని పిలిపిస్తే ఆ రోజుల్లోనే పోయినాను. పెద్ద ఇల్లు, చల్లటి నాపరాళ్లు. కొలతలు తీసుకుంటాంటే ఆమె నెమ్మదిగా అడిగింది, మీ ఇంటాయన నిద్రపోతాడా అని.

"ల్యా అమ్మా," అన్నాను.

"ఈయనా అంతే." చేయి చాపి కొలత ఇస్తానే చెప్పింది. "నేను కూడా ఆ కంపెనీలో డైరెక్టరునంట. ఇద్దరుంటే గాని కంపెనీ కాదంట గదా, అందుకని నా పేరు పెట్టినారు. యాడ చూపిస్తే ఆడ సంతకం పెడతాండాను. ఈ ఇల్లు బ్యాంకుకు తాకట్టు రాసింది కూడా నా చేత్తోనే."

అది ఆమె ఏడుస్తా చెప్పలేదు. బజార్లో కూరగాయల ధర చెప్పినట్టు చెప్పింది. నేను కొలత తప్పి, మళ్లా తీసుకోవాల్సి వచ్చింది.

*

జనవరిలో ఎలక్షన్లు అయి, జీపుల మైకులు ఊర్లోనుంచి పోయినాక, సుబ్బరామయ్య పేరు మా ఇంట్లో మొదటిసారి వినబడింది. ఆదోనిలో ధాన్యం మండీ ఉన్న పెద్దమనిషి. ఇంద్రసేనయ్య పోయి అడిగితే, మిల్లు చూసి, కంపెనీలోకి వాటాల కింద ఇప్పటిదాకా వచ్చినంత డబ్బు మళ్లా తనొక్కడే పెడతానన్నాడంట. దాంతో కరెంటు వస్తుంది, బ్యాంకు రెండో భాగం ఇస్తుంది, సీజన్ చివరన్నా మిల్లు తిరుగుతుంది. ఆ సంగతి చెప్తాంటే మా ఆయన మొగం మూడు నెలల తర్వాత తేటపడింది. ఆ వెనకే మళ్లా ముడుచుకుంది.

"ఆయన ఒక షరతు పెట్టినాడు. నా వాటాలు శివరాత్రి లోపల కొనల్లంట. ల్యాకపోతే హక్కు పోతాదంట."

నేను చేతిలో పని పక్కన పెట్టినాను. "కొనడమేంది? ఇచ్చినట్టే అన్నావు గదా?"

అప్పుడు విప్పి చెప్పినాడు. కంపెనీ మొత్తం రెండు వేల వాటాలు, అందులో పక్కన పెట్టిన రెండు వందలు ఆయనవి కావు. వాటిని కొనుక్కునే హక్కు ఒక్కటే ఆయనది. రేపు మిల్లు ఎంత పెరిగినా, వాటా ధర ఎంతకు పోయినా, సర్దార్ మాత్రం మొదటి ధర వంద రూపాయల చొప్పునే కొనుక్కోవచ్చు. అదీ ఇంద్రసేనయ్య ఇచ్చిన మాట. మూడు సీజన్లలో ఎప్పుడైనా కొనవచ్చని ఇద్దరూ అనుకున్నారు. మిల్లు నడిచి, బాకీ జీతం చేతికి వచ్చి, ఇంకొంచెం కూడబెట్టుకుని, అప్పుడు చూసుకుందామని మా ఆయన అనుకున్నాడు. సుబ్బరామయ్య మాత్రం అట్ల ఎప్పుడో కొంటానని వేలాడే హక్కులుంటే నా పాలు ఎంతో నాకెట్ల తెలుస్తుంది, కొంటే ఇప్పుడు కొనమను, ల్యాకపోతే వదులుకోమను అన్నాడంట.

మా అత్త పక్క గదిలోనుంచి అంతా విని వచ్చి నిలబడింది.

"అయితే నీకు వాటా లేదా?"

"ఉంది అమ్మీ. కొనుక్కుంటే ఉంటాది."

"కొనుక్కుంటే బజార్లో ఉండేదంతా మనదే గదా," అనింది. పోయి చాప పరుచుకుని గోడ వైపు తిరిగి పడుకుంది. ఆ వారమంతా గల్లీలోకి పోలేదు. ఎవరన్నా వస్తే ఒంట్లో బాగాలేదని చెప్పించింది.

ఇరవై వేలు. మాకు అంత డబ్బు యాడిది? మా ఆయన నోరు తెరిచి అడగలేదు. అడగకపోవడమే అడిగినట్టు ఉన్నింది. ఎందుకంటే ఆ ఇంట్లో అంత ధర పలికేది ఒక్కటే ఉంది, అది నాది. మా నాయన పోయే ముందు నా హిస్సా అని రాసిచ్చిన మూడెకరాల నల్లరేగడి, నందవరంలో.

*

ఆ భూమి మా అన్న అబ్బాస్ అలీ సేద్యం చేసేవాడు. ఏటా మాకు జొన్నలు బస్సు మీద వేయించేవాడు. ఆయనకు సొంతంగా ఉన్నది ఇంకో రెండెకరాలు. నాది పోతే ఆయన సేద్యం సగానికి పైన పోతుంది. ఆ సంగతి తెలిసే పోయినాను. బస్సు ఎమ్మిగనూరు చేరే ముందర కొత్త మిల్లు కనబడింది. తలుపులు మూసి, రేకులు ఎండకు మెరుస్తా, ఎవరూ లేనట్టు ఉన్నింది. లోపల మా ఆయన ఉన్నాడని నాకు తెలుసు.

అన్న నన్ను చూసి సంతోషపడినాడు. వదిన ఉగ్గాని చేసి పెట్టింది. తినేటప్పుడు చెప్పినాను. చెప్పి ఆయన మొగం చూడలేక గిన్నె చూస్తా కూర్చున్నాను. ఆయన తన గిన్నె ఖాళీ చేసినాడు. తర్వాత పక్క పొలం ఓబన్న ఎప్పటినుంచో అడుగుతాండాడనీ, మాట ఇస్తే అడ్వాన్సు రేపే తెస్తాడనీ, మంచి ధరే ఇస్తాడనీ తనే చెప్పినాడు.

"నీకు కోపం ల్యా అన్నా?"

"నీ హిస్సా. నేనెవర్ని కోప్పడేదానికి?" చేయి కడుక్కుని వచ్చి మళ్లా కూర్చున్నాడు. "ఒక్కటి కనుక్కో మహమూదా. ఎద్దును కొనేటప్పుడు నేను రేపు దీన్ని ఏ సంతలో అమ్ముకోవచ్చో చూసుకునే కొంటాను. నీ భూమి అమ్మితే ఓబన్న ఉన్నాడు కొనేదానికి. ఆ కాగితాలు మళ్లా అమ్మల్లంటే కొనేవాడు యాడుంటాడో అడుగు. అది నాకు తెలియదు. మీ ఆయనకు కూడా తెలిసినట్టు ల్యా."

సాయంత్రం పొలం దగ్గరికి పోయినాం. జొన్న కంకి పాలు పట్టి ఉన్నింది. అన్న గట్టు మీద పిచ్చిగడ్డి పీకుతా ముందు పోతాండాడు, రేపు కూడా ఆ గట్టు తనదే అన్నట్టు. ఓబన్నతో మాట్లాడమనే మాట నా నోటికి రాలేదు. వచ్చేటప్పుడు బస్సు దగ్గర అన్న కూడా దాని గురించి ఎత్తలేదు.

ఇంటికి వచ్చి మా ఆయనతో చెప్పినాను. భూమి నాది కాబట్టి, ఆ సుబ్బరామయ్యతో మాట్లాడేటప్పుడు నేను కూడా వస్తానని. ఆయనకు ఇష్టం లేదు. మగవాళ్ల మధ్యలో నువ్వేంది అన్నాడు. రాజేశ్వరమ్మ డైరెక్టరు గదా, ఆమె ఉంటుంది గదా అన్నాను. అయితే రా అన్నాడు.

*

మాటలు మిల్లులోనే జరిగినాయి. షెడ్డులో ఒక మూల బల్ల, కుర్చీలు వేసినారు. ఇంద్రసేనయ్య చిక్కిపోయి ఉన్నాడు. సుబ్బరామయ్య ఎట్లాంటి మనిషో అని నేను భయపడినాను గాని, చూస్తే నెమ్మదైన ముసలాయన. అంగీ చేతులు మడుచుకుని, అడిగిందానికి అడిగినంత చెప్పేవాడు. మా ఆయన నా వెనక జిన్నుకు ఆనుకుని నిలబడినాడు.

నాకు తెలుగు చదవడం వచ్చు. ఆ కాగితాలు ఇంగ్లీషులో ఉన్నాయి. అందుకని నోటితోనే అడిగినాను.

"ఈ వాటాలు కొన్నాక మాకు అవసరం పడి అమ్ముకోవల్లంటే యాడ అమ్మల్ల సావుకారీ?"

"బయట అమ్మేదానికి లేదమ్మా. ఇది ప్రైవేటు కంపెనీ. మాలో ఎవరన్నా కొంటే కొంటారు. బయటివాడికి అమ్మల్లంటే డైరెక్టర్లు ఒప్పుకోవల్ల."

"మీరెవరూ కొనకపోతే?"

"కాగితం మీ పెట్టెలో ఉంటాది. లాభమొచ్చి, పంచుదామని మేము అనుకున్న ఏడు మీ భాగం మీకొస్తాది."

ఇంద్రసేనయ్య మధ్యలో ఏదో అనబోతే ఆయన చేత్తో ఆపినాడు. అడగనీ అన్నాడు.

"కొంటే మాకు వందలో పది వస్తాదా?"

"రాదు. ఐదు వస్తాది."

వెనక మా ఆయన కదిలినట్టు వినబడింది. ఈ సంగతి ఆయనకు కూడా తెలియదు. మేమేమీ చేయకుండానే సగమెట్లయిందని అడిగినాను. సుబ్బరామయ్య మా ఊరు కనుక్కుని, భూమి ఎంతో కనుక్కుని చెప్పినాడు. "నీ మూడెకరాలు మూడెకరాలే. వాటిని ఎవరూ ముట్టుకోలేదు. ఊరి పొలిమేర పెరిగింది. నేను డబ్బు తెచ్చినందుకు కొత్తగా అన్ని వాటాలు పుట్టిస్తారు. మీ రెండు వందలు అట్లనే ఉంటాయి, మొత్తమే రెండింతలైతాది. రేపు మళ్లా డబ్బు అవసరమైతే మళ్లా పుట్టిస్తారు. అప్పుడు నాదీ తగ్గుతాది."

ఇంకొకటి అడిగినాను. మిల్లు మూతబడితే, ఉన్నదంతా అమ్మితే, ఆ డబ్బు ముందు ఎవరికి పోతుందని.

"బ్యాంకుకు. జీతాల బాకీలు, మిగతా బాకీలు తీర్చల్ల. అన్నీ పోయినాక ఏమన్నా మిగిలితే అప్పుడు వాటాదార్లకు." నేను అడగకుండానే ఆయనే అన్నాడు. "సాధారణంగా మిగలదు."

బయట పత్తి లారీ ఒకటి గేరు మార్చుకుంటా పోయింది. నాకు మా అన్న గట్టు మీద గడ్డి పీకడం కండ్ల ముందర ఉన్నింది. వెనక్కి తిరిగి మా ఆయన్ని చూడల్లనిపించింది గాని చూడలేదు. చూస్తే అడగలేనని తెలుసు.

"భూమి అమ్మను," అన్నాను. "ఆ హక్కు వదులుకుంటాము. ఈ ఎనిమిది నెలల సగం జీతం మీరు బాకీ ఉన్నారు. అందులో సగం చేతికియ్యండి. మిగతా సగానికి వాటాలు ఇయ్యండి, మొదటి ధరకే. వచ్చే నెల నుంచి జీతం పూర్తిగా ఇయ్యండి."

వాటాలు ఎందుకు, మొత్తం డబ్బే అడగవచ్చు గదా అని సుబ్బరామయ్య అన్నాడు. ఆయన చెప్పిందే నిజం. జీతం బాకీగా ఉంటే ముందు వరుసలో ఉంటుంది, వాటా అయితే చివరికి పోతుంది. అది ఆయన నోటినుంచి అప్పుడే విన్నాను. విని కూడా అడిగినాను. ఆ సగం పోయినా పోనీ అనుకునే అడిగినాను. పదహైదేండ్లలో లేని మన అనే మాట మా ఆయన నోట్లోకి వచ్చింది. దాన్ని మొత్తంగా తీసేసేదానికి నాకు మనసొప్పలేదు. అది వాళ్లకు చెప్పలేదు. "ఇయ్యండి, అట్లనే ఇయ్యండి," అన్నాను.

సుబ్బరామయ్య ఇంద్రసేనయ్య వైపు తిరిగి, ఫిట్టరు లేని మిల్లులో నేను డబ్బు పెట్టను, ఈమె అడిగింది రాయించు అన్నాడు. ఇంద్రసేనయ్య మా ఆయన్ని చూసి, నేను నీకు చెప్పింది ఇది కాదు సర్దార్ అన్నాడు. ఆ మాటలో కోపం లేదు. తన మిల్లులో సగం తన చేతిలోనుంచి పోతాండే రోజు ఆయనకది. మా ఆయన పర్వాలేదు చిన్న సావుకారీ అని మాత్రం అన్నాడు.

కాగితాలు రాజేశ్వరమ్మ ముందరికి వచ్చినాయి. ఆమె పెన్ను తీసుకుని, సంతకం పెట్టబోయి ఆగింది.

"ఇదేం కాగితం?" అని అడిగింది.

ఇంద్రసేనయ్య ఆమెను వింతగా చూసినాడు. తర్వాత కుర్చీ జరుపుకుని, ఒక్కొక్క పేజీ తిప్పుతా చెప్పడం మొదలుపెట్టినాడు. అది అయ్యేసరికి చానా పొద్దుపోయింది.

*

మా ఆయన నాతో మాట్లాడటం మానేసినాడు. తిట్టలేదు, చేయి చేసుకోలేదు, అన్నం పెడితే తిన్నాడు. మాటే లేదు. నలుగురి ముందర ఆడమనిషి బేరమాడిందని కాదు. ఐదైనా వచ్చేది గదా, దాన్ని కూడా వదిలేసినానని. చేతికొచ్చిన బాకీ డబ్బు తెచ్చి కుట్టుమిషన్ మీద పెట్టి పోయేవాడు గాని నా చేతికి ఇచ్చేవాడు కాదు. నాకు కూడా రాత్రులు నిద్ర లేదు. మిల్లు నడిచి పెద్దదైతే? పిల్లల నోటికాడిది నేనే తీసేసినానా? సరిగ్గా చేసినానని ఒక రాత్రి, తప్పు చేసినానని ఒక రాత్రి.

ఆ తర్వాత సంగతి కూడా చెప్తాను. మిల్లు నాలుగేండ్లు బాగానే నడిచింది. ఆ రెండు వందల వాటాలు కొని ఉంటే మేడ కట్టేవాళ్లమని మా ఆడబిడ్డ మహా బాధపడేది. ఐదో ఏడు పత్తి ధరలు పడిపోయి మిల్లు మూతబడింది. వాటాదార్లకు ఏమీ మిగల్లేదు. అప్పుడామె ఏమీ అనలేదు. నేను గెలిచినాననీ చెప్పను. ఆ నాలుగేండ్లలో అమ్ముకోగలిగి ఉంటే వేరే కత అయ్యుండేది. అమ్ముకోలేమని తెలిసే వదులుకున్నాను, అంతే.

కానీ అదంతా తర్వాత. ఆ ఏడు ఎండలు ముదిరే ముందు ట్రాన్స్‌ఫార్మర్ వచ్చింది. సీజన్ చివరి పత్తి ఇంకా వస్తాండాది. మిల్లు తిరిగే రోజు ఇంట్లోవాళ్లందరూ రావల్లని ఇంద్రసేనయ్య కబురు పెట్టినాడు. మా అత్త రానన్నది. ఒంట్లో బాగాలేదన్నది. మా ఆయన పోయి ఆమె పక్కన కూర్చుని ఏదో చెప్పినాడు. కాసేపటికి లేచి, పెండ్లిండ్లకు కట్టుకునే చీర కట్టుకుంది.

నందవరం నుంచి అబ్బాస్ అలీ అన్న కూడా వచ్చినాడు. జొన్న కోత అయిందంట, సంచి ఒకటి వెంట తెచ్చినాడు. మా ఆయన దాన్ని ఆయన భుజం మీదనుంచి తీసుకుని పక్కన పెట్టినాడు. నాకు అంతే చాలనిపించింది.

స్విచ్చి వేసినారు. ముందు మోటారు మూలిగింది. తర్వాత పొడుగాటి షాఫ్టు తిరిగింది, బెల్టులు ఒక్కసారిగా కొట్టుకున్నాయి, వరసగా జిన్నులన్నీ కదిలినాయి. పైన పత్తి వేస్తాంటే ముందుకు తెల్లగా దూది జారుతాండాది, కింద గింజలు రాలతాండాయి. కొంచెంసేపటికే అందరి తలలూ నెరిసినట్టయినాయి. మా ఆయన ఒక్కొక్క జిన్ను దగ్గర చెవి పెట్టి విని, ముందుకు పోతాండాడు. ఎనిమిది నెలలు దాన్ని మనసులోనే విన్నాడు.

ఆఖరి జిన్ను దాకా పోయినాక, దాన్ని ఆపి మాకు తీరిగ్గా చూపిస్తాంటే, మా అత్త ఆయన మోచేయి పట్టుకుంది.

"ఇందులో మనది యాది?"

మా ఆయన చుట్టూ చూసినాడు. షెడ్డు చూసినాడు, పైన షాఫ్టు చూసినాడు, జిన్నుల వరస చూసినాడు. ఆయనకు వచ్చినవి పన్నెండు వాటాలు. వందలో పది కాదు, ఐదు కాదు, ఒకటి కూడా కాదు. ఆ ఒకటిలో పావు కంటే ఏదో కొంచెం ఎక్కువ. ఆ లెక్క తల్లికి చెప్తాడేమో అని భయపడినాను.

"అన్నిట్లో కొంచెం కొంచెం అమ్మీ," అన్నాడు.

ఆమె జిన్నుల వరసను ఈ కొస నుంచి ఆ కొసకు చూసింది. తర్వాత కొంగు చేతికి చుట్టుకుని, ఆగి ఉన్న ఆ జిన్ను మీద పడిన దుమ్ము తుడవడం మొదలుపెట్టింది. సగం తుడిచి ఆగి, కొడుకు వైపు చూసింది.

"అంతా తుడవల్లనా, కొంచెమే తుడవల్లనా?"

మా ఆయనకు నవ్వొచ్చింది. ఆపుకోవల్లని చూసి, ఆపుకోలేక, జిన్ను పట్టుకుని నవ్వినాడు. నవ్వుతానే నా వైపు తిరిగి, "చూడు మహమూదా, మీ అత్త ఏమడుగుతాందో," అన్నాడు.